చేతికి గాజుల్లేని శ్రావణం

అనకాపల్లి
7 జూలై 2025

అప్పకి, చెల్లెలు ఇందు రాసేది.

ఇక్కడ అందరం బాగున్నాం అని మొదలుపెట్టాలి కానీ, నీకు అబద్ధం రాసి ఏం లాభం. నడుం నొప్పి, మెడ నొప్పి, వాటికి తోడు రోజంతా చిరాకు. మిగతాదంతా బాగుంది.

"ఈ కాలంలో ఉత్తరాలేటి, ఫోన్ సెయ్యలేదా?" అని కుమారి చేత అడిగించావట. అప్పా, మాది ఒకటిన్నర గది ఇల్లు. ఆ అర గదిలో మా అత్త మంచం. నేను ఫోనెత్తి నీ పేరు పలికితే చాలు, ఆవిడ టీవీ సౌండు తగ్గించేస్తుంది. నీ ఫోను చూస్తే బావతో పాటు వేటకి పోతుంది. కుమారి సోమవారం, శుక్రవారం మీ పూడిమడక చేపలు అమ్ముకోడానికి మా వీధికి వస్తోంది కదా, వెళ్ళేటప్పుడు ఖాళీ గంపలో నా కాగితం ఒకటి బరువా? అమ్మ పోయాక పెంచినదానివి నువ్వు. నా గోల నీకు కాక ఎవరికి చెప్పుకోను.

ఆయాగా చేరి ఇది నాలుగో ఏడు. మాది మెంటల్ పిల్లల బడి కాదు, స్పెషల్ పిల్లల సెంటరు అని వీధిలో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది. పద్నాలుగు మంది పిల్లలు, దేవిశ్రీ టీచరు ఒక్కరు, నేను ఒక్కదాన్ని. ఒకరికి చొంగ తుడవాలి, ఒకరికి ముద్ద పెట్టాలి, కాళ్ళు బిగుసుకుపోయిన పిల్లని ఎత్తి చాప మీద పడుకోబెట్టాలి, ఈలోగా ఇంకో పిల్ల గేటు దాకా పోతుంది. ఇవన్నీ పనులే కాదట. అసలు పని ఫోన్లో ఫోటోలు ఎక్కించడం. హాజరు ఫోటోకి పిల్లలు కెమెరా వైపు చూడాలి. ఎవరి కళ్ళలోకీ చూడలేని పిల్లల్ని కెమెరాలోకి చూడమని నేను గంట సేపు బతిమాలుతాను. ఆ గంటలో ఎవరు పడిపోయినా తప్పు నాదే.

ఒక్క సంగతి మాత్రం గొప్పగా చెప్పుకుంటాను. మా దగ్గర సుమశ్రీ అని తొమ్మిదేళ్ళ పిల్ల ఉంది, బెల్లం వర్తకుల ఇంటి పిల్ల. తల్లి లేదు. నాయనమ్మ సూర్యకాంతమ్మ గారు పెంచుతున్నారు. సుమకి మాట రాదు. టీచరు బొమ్మల కార్డులు తెచ్చి ఏడాది పాటు నేర్పితే నమిలేసింది. అయినా రెండేళ్ళుగా మా దగ్గర ఒక్కసారి బట్టలు తడుపుకోలేదు. ఎందుకంటే నాకు తెలిసిపోతుంది. పక్కన కూర్చుని నా గాజులతో ఆడుకుంటూ ఉంటుంది, దాని మొహం చూస్తాను, తెలిసిపోతుంది, లేచి తీసుకెళతాను. "ఎలా కనిపెడతావు ఇందూ?" అని టీచరు ఆశ్చర్యపోతుంది. కొందరికి తెలుస్తుందంతే అంటాను. ఆ మాట అన్న రోజు నడుం నొప్పి కూడా తగ్గుతుంది.

ఆయన సంగతి అడగకు. మార్కెట్లో బెల్లం దిమ్మలు రావడం తగ్గింది. మోయడానికి దిమ్మ లేని కలాసీ కోపం ఎవరి మీద చూపిస్తాడు, ఇంట్లో వాళ్ళ మీదే కదా. నెల రోజులుగా మొహం ముడుచుకునే ఉన్నాడు. కదిపితే కంచం విసురుతాడేమోనని నేనూ మాట్లాడ్డం లేదు.

నీ చెల్లెలు
ఇందు


పూడిమడక
11 జూలై 2025

ఇందమ్మకి, అప్ప సింహాచలం దీవించి రాసేది.

నా అక్షరాలు చూసి నవ్వకు. ఏడో తరగతితో ఆగిపోయిన అక్షరాలు, ఇంతకంటే పెరగలేదు.

ఇక్కడ వాన ఒక పూట కురుస్తుంది, ఒక పూట బెదిరిస్తుంది. ఇసుకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తాను, చినుకు పడగానే గోనె పట్టుకుని పరిగెడతాను. నాలుగోసారి ఎత్తేసరికి సగం మెత్తబడిపోయాయి. నీకు పిల్లలు, నాకు నెత్తళ్ళు. ఇద్దరం పొద్దస్తమానం వంగునే ఉంటాం, నడుం నొప్పి నీ ఒక్కదానికే అనుకోకు.

నా మాట విను, ఆ పని ఒగ్గేయ్. నీ నడుం పడిపోయిన రోజున ఆ ఫోటోలు చూసే సార్లు వచ్చి నీకు గంజి కాస్తారా? ఇక్కడికి వచ్చేస్తే మనిద్దరం కలిసి ఎండుచేపలు అమ్ముకుందాం. నువ్వు ఇంటరు చదివావు, బేరం నువ్వు చెయ్యి.

ఆ పిల్ల సంగతి బాగుంది. చిన్నప్పుడు నీకు ఆకలేస్తే నాకూ అలాగే తెలిసిపోయేది.

త్రినాథ్ కంచం విసురుతాడేమో అని రాశావు. విసిరాడా, విసురుతాడేమోనా? సరిగ్గా రాయి. ఆ మాట దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివాను. మగాడికి మొదటి కంచం విసిరినప్పుడే చెప్పాలి, పదో కంచం దగ్గర చెబితే వినడు.

అప్ప


అనకాపల్లి
21 జూలై 2025

అప్పకి,

సెంటర్లో అన్నాల గంటలో రాస్తున్నాను. పిల్లలు టీచరు దగ్గరున్నారు. నాకు పావుగంటుంది.

నా చేతులు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. గాజుల్లేవు. మోచేతి కింద రెండు పంటిగాట్లు, ముంజేతి మీద గోటి రక్కులు, భుజం దగ్గర నీలంగా కమిలిన మచ్చ. ఇంట్లో పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని తిరుగుతున్నాను, అత్త చూడకూడదని. ఎందుకిలా అయిందో చెబుతాను కానీ, ముందు శనివారం సంగతి విను, అది చెప్పకపోతే నా కడుపుబ్బరం తగ్గదు.

శనివారం మాకు ట్రైనింగు. జిల్లాలో ఉన్న ఆయాలందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. పేరు ఒత్తిడి నివారణ. చక్కగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి కళ్ళు మూసుకోమన్నాడు. ముక్కుతో పీల్చి నోటితో వదలమన్నాడు. పనిలో చిరాకు వచ్చినప్పుడల్లా ఇలా పదిసార్లు చెయ్యాలట. రాంబిల్లి వైపు నుంచి వచ్చిన ఒకామె లేచి అడిగింది. "సారూ, మేం కళ్ళు మూసుకుంటే ఆ పదిసార్లూ పిల్లల్ని ఎవులు సూత్తారు?" అందరం నవ్వాం. ఆయన కూడా నవ్వి, మంచి ప్రశ్న అన్నాడు. మళ్ళీ ముక్కుతో పీల్చమన్నాడు. చివర్లో సమోసా, సర్టిఫికెట్టు ఇచ్చారు. నేను ఒత్తిడి లేని మనిషినని కాగితం మీద ఉంది, కావాలంటే పంపుతాను.

ఈ కాగితం అయిపోయింది. రెండోది తీస్తున్నాను.

ఇప్పుడు గాజుల సంగతి. ఎక్కడో వేరే ఊరి సెంటర్లో ఆయా గాజు పగిలి ఒక పిల్లకి చెంప మీద కోసుకుపోయిందట. ఆఫీసు నుంచి రామ్‌గోపాల్ సారు వచ్చి, ఆయాలెవరూ పగిలే గాజులు వేసుకోకూడదని ఆర్డరు చదివారు. ఆ పిల్ల చెంప తలుచుకుంటే సబబే అనిపించింది. ఈ నెల తొమ్మిదిన అక్కడే గాజులు తీసి సంచిలో వేశాను.

అదే వారం నుంచి సుమకి ఏమయిందో తెలియదు. నా పక్కన కూర్చోదు, కూర్చుంటే ముంజెయ్యి గిల్లుతుంది, రక్కుతుంది. చెయ్యి వెనక్కి లాక్కుంటే అందిన చోట కరుస్తుంది. రోజుకి రెండుసార్లు బట్టలు తడిపేస్తోంది. మొహం చూస్తూనే ఉన్నాను అప్పా, ఏమీ తెలియడం లేదు. నాకున్న ఒక్క తెలివీ పోయింది. సూర్యకాంతమ్మ గారు తడి బట్టల సంచి చూసి, "నువ్వు మనసు పెట్టి చెయ్యడం లేదమ్మా" అన్నారు. ఏమైనా మందులు మార్చారా అని అడిగితే తప్పు తన మీదకి తోస్తున్నానని కోపగించుకున్నారు.

నాకు ఆ పిల్ల మీద కోపం వస్తోంది. మాట రాని పిల్ల మీద కోపం వస్తోందని ఎవరితో చెప్పుకోను. ఇక నా వల్ల కాదు.

ఇందు


పూడిమడక
25 జూలై 2025

ఇందూ,

నీ ఉత్తరం ఒక కాగితమే చేతికొచ్చింది. రెండోది గంప అడుగున ఐసు నీళ్ళలో నాని ముద్దయిపోయింది. పొలుసులు ఏరి, పొయ్యి పక్కన ఆరబెట్టి చూస్తే ఆఖరి మాట ఒక్కటే కనిపించింది. ఇక నా వల్ల కాదు అని.

చేతులకి గాజుల్లేవు, ఒళ్ళంతా గాట్లు, నీలం మచ్చలు, అత్తకి కనబడకుండా జాకెట్టు. ఇంకా నాకు విడమరిచి రాయాలా? కంచం దగ్గరే అనుకున్నాను. కానీ మొగుడు ఎంత ఏడిపించినా గాజులు తీసి పారేస్తారా? ఇవాళ శ్రావణం మొదలు. ఊళ్ళో ముసలమ్మలు కూడా కొత్త గాజులు వేయించుకుంటుంటే నా చెల్లెలు బోడి చేతులతో తిరుగుతోందని తలుచుకుని ఇంట్లో ఉండలేకపోయాను.

కుమారి చేత డజను పచ్చగాజులు పంపుతున్నాను. అచ్యుతాపురంలో ఏరి ఏరి కొన్నాను, నీ కొలత నాకు తెలుసు. ముందు అవి వేసుకో. ఆదివారం మీ బావ మార్కెట్టుకి వచ్చి త్రినాథ్‌తో మాట్లాడతాడు. నువ్వు అడ్డుపడకు. ఎవరూ లేనిదానివనుకుంటున్నాడేమో, ఉన్నామని తెలియాలి.

అప్ప


అనకాపల్లి
28 జూలై 2025

అప్పా,

మాట్లాడ్డం కాదు, మీ ఆయన పంచాయితీ పెట్టాడు. బెల్లం మార్కెట్టు నడిమధ్య, కలాసీలందరూ టీ తాగే వేళకి వచ్చి, "ఏటి తమ్ముడూ, మా పిల్లని కొరుకుతున్నావంట?" అన్నాడు. ఈయన చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. "అన్నా, నేనెందుకు కొరుకుతానన్నా?" అన్నాడట. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. ఈయన కనబడితే చాలు, తోటివాళ్ళు చెయ్యి దాచుకుంటున్నారు.

అసలు నాకు ఒక్క మాట రాసి అడగలేకపోయావా? కొరికింది ఆయన కాదు, సుమ. గాజులు తీయించింది ఆఫీసువాళ్ళు. నువ్వు అరకాగితం చదివి నా కాపురం బజారున పడేశావు. గాజులపెట్టె అలమర పైన పెట్టాను. వాటిని చూస్తే ఒళ్ళు మండుతోంది.

ఒకటి మాత్రం రాయాలి. నిన్న ఇంటికొచ్చి ఆయన తనే నా జాకెట్టు చెయ్యి పైకి లాగి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఏటే ఇదంతా, నాకు సెప్పవా?" అన్నాడు. నెల రోజుల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. కళ్ళనీళ్ళు ఆగలేదు. వెంటనే, "రేపట్నుంచి ఆ పనికి ఎల్లకు" అన్నాడు. నువ్వూ అదే, ఆయనా అదే. నా చెయ్యి చూసినవాళ్ళందరూ మానెయ్యమనేవాళ్ళే కానీ, ఆ పిల్ల ఎందుకిలా అయిందని అడిగేవాళ్ళు లేరు.

ఇంకా వినాలి నువ్వు. రామ్‌గోపాల్ సారు ఒక స్టేట్‌మెంటు టైపు చేయించి తెచ్చారు. సదరు బాలిక తన అవసరాలను ఏ విధంగానూ తెలియజేయలేదు, సిబ్బందికి హాని చేస్తున్నది, కావున ఇంటి వద్ద విద్యకు మార్చవలెను. కింద నేను సంతకం పెట్టాలి, గాట్లు నావి కాబట్టి. ఇంటి వద్ద విద్య అంటే వారానికోసారి ఎవరో వెళ్ళి ఫోటో తీసుకుని రావడం. మిగతా ఆరు రోజులూ సుమ మేడ మీద గదిలో కూర్చుంటుంది. దేవిశ్రీ టీచరు, "నేను పెట్టమనను, వద్దనను, నొప్పి నీది" అంది. వచ్చే బుధవారం లోపల చెప్పాలట.

పెట్టనా, వద్దా? శుక్రవారం కుమారితో జవాబు పంపు. నువ్వు ఏం చెబితే అది చేస్తాను.

ఇందు


పూడిమడక
1 ఆగస్టు 2025

ఇందూ,

నాదే తప్పు. మీ బావ కూడా నా మీద ఎగిరాడు, నలుగురిలో పరువు తీశావని. త్రినాథ్‌కి రెండు కిలోల ఎండురొయ్యలు పంపుతున్నాను, వదిన పంపిందని చెప్పు. తిన్నాక తిట్టుకోమను. కానీ నీ తప్పు కూడా ఉంది. ప్రాణం మీదకొచ్చిన సంగతి రెండో కాగితంలో రాసి, సమోసా సంగతి మొదటి కాగితంలో రాస్తారా?

సంతకం పెట్టకు. నాన్న పడవ పోయిన రోజు నీకు గుర్తుండదు, చిన్నదానివి. మూడు రోజులు నిద్ర లేకుండా వేట చేసి వచ్చాడు. ఒడ్డున కాగితం పట్టుకుని అప్పులవాళ్ళు ఇద్దరు నిలబడ్డారు. ఇంటికెళ్ళి పడుకోవాలని వేలిముద్ర వేసేశాడు. లేచాక చూస్తే పడవ లేదు. అలిసిపోయిన మనిషి కాగితం మీద వేలు పెట్టకూడదే. వారం పడుకుని లేచి, అప్పుడు ఆలోచించు.

ఇంకొకటి. ఏ పిల్లా ఊరికే కరవదు. నువ్వూ కరిచేదానివి. అమ్మ పోయిన నెల నా రెండు చేతులూ కొరికేశావు. ఏదో పోయినప్పుడు పిల్లలు కరుస్తారు. ఆ పిల్లకి ఏం పోయిందో చూడు.

గాజుల మీద కోపం చూపించకు. అవేం చేశాయి.

అప్ప


అనకాపల్లి
11 ఆగస్టు 2025

అప్పకి,

శుక్రవారం కుమారి రాలేదు. సోమవారమూ రాలేదు. మీ ఆయన పంచాయితీ గురించి రాసినందుకు నీకు కోపం వచ్చిందనుకున్నాను. ఇక నువ్వు కూడా వదిలేశావు అనుకున్నాను.

బుధవారం సంతకం పెట్టేశాను.

ఆ రోజు పొద్దున్నే కొత్త చోట కరిచింది, బొటనవేలి మొదట్లో. రక్తం వచ్చింది. సారు కాగితం తీశారు, పెన్ను మూత కూడా తీసి ఇచ్చారు. చదవలేదు. ఎక్కడ అని మాత్రం అడిగాను.

గురువారం నుంచి సుమ రావడం లేదు. సెంటరు ప్రశాంతంగా ఉంది. నా చేతులు మానుతున్నాయి. మధ్యాహ్నం అన్నం కూర్చుని తిన్నాను, నాలుగేళ్ళలో మొదటిసారి. ఆ ముద్ద ఎంత హాయిగా దిగిందో, ఆ తర్వాత ఎంత సిగ్గేసిందో నీకు ఎలా రాయను.

ఇంతవరకూ రాసి మడత పెడుతుంటే కుమారి వచ్చింది. పది రోజులు జ్వరమట. నీ ఉత్తరం, రొయ్యలు ఇప్పుడిచ్చింది. చదివాను. ఇక రాయడానికేమీ లేదు.

ఇందు


అనకాపల్లి
25 ఆగస్టు 2025

అప్పా,

ఇది మొదటి కాగితంలోనే రాస్తున్నాను, కవరులో పెట్టి కుమారికి ఇస్తున్నాను. సుమకి ఏం పోయిందో తెలిసింది.

మొన్నటిది శ్రావణంలో ఆఖరి శుక్రవారం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మా అత్త, "పండగ పూట ఆ బోడి సేతులేటి?" అని సాధిస్తుంటే, అలమర మీంచి నీ పెట్టె దించి చేతికి ఆరేసి గాజులు వేసుకున్నాను. సరిగ్గా సరిపోయాయి. సుమ నీళ్ళ సీసా, తువ్వాలు సెంటర్లో ఉండిపోతే ఇంటికి తెచ్చి పెట్టాను. సాయంత్రం అవి పట్టుకుని సూర్యకాంతమ్మ గారింటికి వెళ్ళాను. ఇచ్చేసి గుమ్మం దగ్గర్నుంచే వచ్చేద్దామనుకున్నాను.

ఆవిడ మేడ మీదకి రమ్మన్నారు. సుమ కిటికీ పక్కన చాప మీద కూర్చుని ఉంది, పెద్దవాళ్ళకి వేసే డైపరు కట్టి. "ఇప్పుడు గొడవ లేదమ్మా. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి" అన్నారావిడ. రెండేళ్ళు ఒక్క గుడ్డ తడపని పిల్ల అప్పా.

నన్ను చూసి సుమ లేచింది. మళ్ళీ కరుస్తుందని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. పెట్టుకున్నందుకు సిగ్గేసి ముందుకి చాపాను. అది కరవలేదు. గాజుల్లో చివరిది వేలితో పట్టుకుని తిప్పింది. ఒకసారి, రెండుసార్లు తిప్పి, ఆగి నా వైపు చూసింది. నేను ఆలోచించకుండానే లేచి స్నానాలగది వైపు నడిచాను. అది నా వెనకే వచ్చింది. డైపరు విప్పితే పొడిగా ఉంది. కూర్చోబెట్టాను. వెళ్ళింది.

అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయాను. రెండేళ్ళుగా నా గాజులతో ఆడుకుంటోందనుకున్నాను. ఆడుకోవడం కాదు, అడగడం. గాజు తిప్పుతుంది, నేను లేస్తాను. దానికి మాట ఉంది. ఆ మాట నా చేతి మీద ఉంది. నేను మాత్రం అదంతా నా తెలివనుకుని నీకు గొప్పలు రాశాను. ఆర్డరు వచ్చిన రోజు దాని మాట తీసి సంచిలో వేశాను. పాపం, గాజులు ఉండే చోటు గిల్లి చూసింది, రక్కి చూసింది. చెయ్యి లాక్కుంటే ఏం చేస్తుంది.

సూర్యకాంతమ్మ గారికి చెప్పాను. మొదట నమ్మలేదు. ఇంకోసారి తిప్పి చూపించమన్నారు, అది ఏమైనా ఆటా. మళ్ళీ ఎప్పుడు తిప్పుతుందా అని కూర్చున్నాం. ఆవిడ ఏదో గుర్తొచ్చినట్టు తన బోసి చేతులు చూసుకున్నారు. "ఇంటికొచ్చిన మొదటి వారం నా బంగారు గాజులు లాగేది. పోగొడుతుందని చేతి మీద రెండు దెబ్బలేసి, తీసి బీరువాలో పెట్టేను" అన్నారు. వెళ్ళి బీరువా తీశారు.

ఇవాళ సెంటరు నుంచి నేరుగా ఆఫీసుకి వెళ్ళి నా సంతకం కొట్టెయ్యమన్నాను. "ఫైలు పైకి వెళ్ళిపోయింది, ఇప్పుడు గాజులూ గీజులూ అంటే ఎలా?" అన్నారు రామ్‌గోపాల్ సారు. తన అవసరాలను ఏ విధంగానూ తెలియజేయలేదు, కింద ఇందు. నాన్నలాగే అప్పా. లేచి చూసేసరికి పడవ లేదు.

ఇందు


పూడిమడక
29 ఆగస్టు 2025

ఇందమ్మకి,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. సగంలో ఆపేస్తే, మిగతాది ఆయన పట్టుబట్టి చదివించుకున్నాడు.

నాన్నని తలుచుకుని ఏడవకు. నాన్న ఆ తర్వాత ఎవరి గుమ్మమూ తొక్కలేదు, అవమానమని ఇంట్లో కూర్చున్నాడు. అందుకే పడవ రాలేదు. నువ్వు మళ్ళీ వెళ్ళు. ఒకసారి కాదు, వాళ్ళకి విసుగు పుట్టేదాకా వెళ్ళు. ఆ ముసలామెని వెంటబెట్టుకుని వెళ్ళు.

పని మానెయ్యమని ఇంక అనను. నెత్తళ్ళ బేరం నేను చేసుకుంటాను.

గాజులు పగులుతాయి కదా, ఇంకో డజను పంపుతున్నాను. అదే పచ్చ.

అప్ప


అనకాపల్లి
14 సెప్టెంబరు 2025

అప్పకి,

గాజులు అందాయి. రెండు పగిలాయి, కుమారి వాటి మీద కవళ్ళ చేపలు పెట్టిందట.

నేను మూడుసార్లు వెళితే బెంచీ చూపించిన ఆఫీసులో, సూర్యకాంతమ్మ గారు కారు దిగగానే కుర్చీ వేశారు. నేను చెప్పిన మాటే ఆవిడ చెప్పారు. వినడానికి అరగంట పట్టలేదు. సుమ వెనక్కి వస్తోందని సంతోషించాలో, నా నోట్లో నుంచి వస్తే మాట కానిది ఆవిడ నోట్లో నుంచి వస్తే ఎలా మాటయిందని ఏడవాలో తెలియలేదు. నెల రోజులు చూసి ఉంచాలో వద్దో నిర్ణయిస్తారట. నా పాత సంతకం ఫైల్లో అలాగే ఉంది, కొట్టెయ్యడానికి వీల్లేదు. కొత్త స్టేట్‌మెంటు నేనే రాసి, టీచరు చేత కూడా సంతకం పెట్టించి వెనక కుట్టించాను. ఈసారి చదివే పెట్టాను.

గాజుల ఆర్డరు మారలేదు. ప్లాస్టిక్కువి వేసుకోమన్నారు. వేసుకున్నాను, సుమ వాటిని చూడను కూడా చూడలేదు. అందుకని ఎడమ చేతికి నీ పచ్చగాజు ఒక్కటి ఉంచుకున్నాను. వేరే పిల్లల్ని ఎత్తేటప్పుడు తీసి కొంగున కడతాను, మళ్ళీ వేసుకుంటాను. రోజుకి ఎన్నిసార్లు అవుతోందో లెక్క లేదు. ఈయన చూసి, "ఇంత గాజుకి అంత కతేటే?" అంటాడు. అంటూనే నడుముకి నూనె రాస్తున్నాడు.

సోమవారం సుమ వచ్చింది. నా చెయ్యి చూసింది, గాజు చూసింది. తిప్పలేదు. బట్టలు తడిపేసుకుంది. మంగళవారం, బుధవారం కూడా అంతే. అన్ని రోజులు అడిగినా ఎవరూ లేవకపోతే ఇంకెందుకు అడుగుతుంది. నేను బట్టలు మార్చి, మళ్ళీ చెయ్యి దాని పక్కన పెట్టి కూర్చున్నాను. గురువారం గాజు ముట్టుకుని వదిలేసింది.

శుక్రవారం పదకొండున్నరకి రామ్‌గోపాల్ సారు వచ్చారు. నా చేతి మీద గాజు చూసి కుర్చీలో కూర్చుని మెమో రాయడం మొదలుపెట్టారు. రాస్తూనే, ఆర్డరంటే ఏమిటో, మా ఆయాలకి భయం ఎందుకు లేదో చెబుతున్నారు. నేను ఎదురుగా నిలబడి వింటున్నాను. వెనక నుంచి ఎవరో నా గాజు పట్టుకుని తిప్పారు. ఒకసారి, రెండుసార్లు.

సారు ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. నేను సుమ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాను.

నీ చెల్లెలు
ఇందు